ఆఖరి స్టాపు దాటాక

ఏడో భాగం

చదివేవాళ్ళకు ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. పిల్లికూనల్లా ఒకదాని కింద దూరాల్సినవి ఇంకొకదాని కింద దూరతాయి. పోయిన భాగం రెండు రోజులు ఆలస్యంగా అందిందని పత్రికవాళ్ళు మెత్తగా మందలించారు. తప్పులుంటే దిద్దుకుని చదవండి. నా చెయ్యి నెమ్మది, కథేమో నా కంటే ముందు నడుస్తోంది.

కిందటి వారం మనం కొండదారిలో ఒక మైలురాయి దగ్గర ఆగాం. కండక్టరమ్మ, ఆమె భర్త డ్రైవరు ఉద్యోగాల నుంచి దిగిపోయాక, మూలపడ్డ మినీ బస్సు ఒకటి కొని ఇల్లుగా మార్చుకున్నారు. వెనక మంచం, మధ్యలో పొయ్యి, కిటికీలకు పూల తెరలు. సీట్లన్నీ పీకేసినా తలుపు పక్కన కండక్టరు సీటు ఒక్కటి మాత్రం ఉంచారు. వీపు మీద ఇల్లు మోసుకుపోతుంది కాబట్టి బండికి తాబేలు అని పేరు. ఆ తాబేలులో కూతురి ఊరికి పోతూ, దారిలో జలపాతం చూద్దామని కొండెక్కారు. పట్టపగలు, ఖాళీ రోడ్డు మీద, డ్రైవరు ఎడమవైపు మైలురాయికి బండిని గీకించాడు. "ఎండ కళ్ళలో కొట్టిందే" అన్నాడు. ఎండ వాళ్ళ వీపు వెనక ఉంది.

జలపాతం దగ్గర బళ్ళు ఆపే చోటు కిక్కిరిసి ఉంది. గేటు కాపలాదారు చీటీ చేతిలో పెట్టి, "ఐదింటికల్లా అందరూ కిందికి దిగిపోవాలి. పైనున్న ఆనకట్ట నుంచి నీళ్ళు వదులుతారు. రాత్రికి ఇక్కడ ఒక్క బండీ ఉండకూడదు" అని చెప్పాడు.

బండిని వెనక్కి తీసి పెట్టాలి. కండక్టరమ్మ అలవాటు ప్రకారం దిగింది. రివర్సు తీసేటప్పుడు కండక్టరు సీట్లో కూర్చోకూడదు. దిగి, వెనక నిలబడి, బండి ఒంటి మీద అరచేత్తో కొట్టాలి. దబదబా కొడుతుంటే రావచ్చని, గట్టిగా ఒక్క దెబ్బ పడితే ఆగమని. ముందుకు పోయేటప్పుడు విజిల్. ఒకసారి ఊదితే ఆగు, రెండుసార్లు ఊదితే పద. ఆ విజిల్ ఇప్పటికీ ఆమె మెడలో నల్లదారానికి వేలాడుతూనే ఉంది. మంగళసూత్రమైనా ఏదో ఒకరోజు మరిచిపోతుందేమో గాని విజిల్ మరవదని డ్రైవరు ఏడిపించేవాడు.

ఆమె కొట్టింది, అతను వచ్చాడు. ఆమె ఆపింది, అతను ఆపాడు. అంగుళం తేడా లేదు. ఆ పనితనం చూసి పక్క బండివాళ్ళు చప్పట్లు కొట్టారు. కండక్టరమ్మకు మాత్రం అరచెయ్యి చురుక్కుమంది. ఇన్నాళ్ళూ తన చెయ్యి బండికి తోడు అనుకుంది. ఇప్పుడెందుకో తన చెయ్యే బండిని నడుపుతోందేమో అనిపించింది.

పదకొండేళ్ళు వాళ్ళిద్దరూ ఈ కొండ మీదికే బస్సు నడిపారు. రోజుకు రెండు ట్రిప్పులు. ఆఖరి స్టాపు జలపాతానికి అరగంట నడక దూరంలో ఉండేది. బస్సు తిరిగి బయలుదేరడానికి వాళ్ళకు ఇచ్చిన వ్యవధి పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాల్లో టీ తాగడం, టైర్లు తన్ని చూడడం, టికెట్ల లెక్క సరిచూడడం. జలపాతం చూసి వచ్చినవాళ్ళు తడిబట్టలతో సీట్లు తడిపేస్తూ, "హరివిల్లు వచ్చిందండీ, పడవలో కూర్చుంటే నెత్తి మీదే ఉన్నట్టుంది" అని చెప్పుకునేవారు. వాళ్ళిద్దరూ ఆ జలపాతాన్ని పదకొండేళ్ళ పాటు ప్రయాణికుల తడిబట్టల్లోనే చూశారు.

"ఊళ్ళోవాళ్ళందరినీ పెళ్ళికి దింపి, మనం గుమ్మంలో చెప్పులు కాసినట్టుందే" అనేవాడు డ్రైవరు. "రిటైరయ్యాక మన బండి మీద వద్దాం. పన్నెండు నిమిషాలు కాదు, పన్నెండు గంటలు కూర్చుందాం."

ఇదిగో, వచ్చారు. రేవుకు మెట్లు దిగుతుంటే డ్రైవరు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. నలుగురిలో భుజం మీద చెయ్యి వేసే మనిషి కాడు. పెళ్ళయిన కొత్తలో కూడా వెయ్యలేదు. నిన్నటి దాకా అయితే ఆమె సిగ్గుపడేది. ఇవాళ ఆ చెయ్యి బరువు చూసింది. అది సరసం బరువు కాదు, మెట్లు వెతుక్కునే బరువు.

పడవ నడిపే ఆవిడ గట్టి మనిషి, గొంతు అంతకంటే గట్టి. అందరికీ లైఫ్ జాకెట్లు అందిస్తోంది. డ్రైవరుకు కుడిపక్క నుంచి అందించింది. అతను ఎదురుగా నీళ్ళు చూస్తూ నిలబడ్డాడు.

"ఏం బాబాయ్, పట్టుకోవేం? నేను అల్లుడికి మర్యాద చేసినట్టు ఎంతసేపు చాపి నిలబడాలి?"

పడవలో అందరూ నవ్వారు. డ్రైవరు ఉలిక్కిపడి తిరిగి, "అల్లుడంటే అలకపాన్పు ఎక్కాలి కదమ్మా, అందుకే ఆగా" అన్నాడు. మళ్ళీ నవ్వులు. కండక్టరమ్మ నవ్వలేదు. ఆ జాకెట్టు అతని మోచేతికి జానెడు దూరంలో ఉంది.

పడవ కొండల మధ్య సందులోకి దూరింది. హోరు ముందు చెవుల్లోకి, తర్వాత పక్కటెముకల్లోకి వచ్చింది. మలుపు తిరగ్గానే జలపాతం. ఎవరో పైనుంచి తెల్లటి వస్త్రం తానులకు తానులు విప్పి పారబోస్తున్నట్టుంది. తుంపర మొహం మీద పడుతుంటే పిల్లలు కేకలు పెట్టారు. అంతలో మబ్బు తొలిగింది. "ఎడమకి చూడండి, ఎడమకి!" అని పడవామె అరిచింది. పడవంతా ఎడమకు తిరిగింది. నీటి మీద నుంచి లేచి, కొండ నడుముకు చుట్టుకుని హరివిల్లు నిలబడింది.

డ్రైవరు తిరగలేదు. ఎదురుగా ఉన్న నీళ్ళనే చూస్తూ, "అబ్బ, ఎంత బాగుందే" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు కండక్టరుగా చేసిన మనిషికి ఒక విద్య అబ్బుతుంది. టికెట్ లేనివాడిని మొహం చూసి పట్టడం. టికెట్ ఉన్నవాడు కునికిపాట్లు పడతాడు, పక్కవాడితో గొడవపడతాడు. టికెట్ లేనివాడు మాత్రం కిటికీలోంచి బయటకు చూస్తాడు. కనురెప్ప వెయ్యకుండా, చాలా శ్రద్ధగా చూస్తాడు. డ్రైవరు ఆ నీళ్ళను అలా చూస్తున్నాడు.

బండి బయలుదేరినప్పటి నుంచి జరిగినవన్నీ ఆమె కళ్ళ ముందు ఒక్కొక్క స్టాపులా వచ్చి వెళ్ళాయి. "ఎడమ ఎలా ఉందే?" అని నిమిషానికోసారి అడగడం. ఆమె "ఎడమ ఖాళీ, రైట్ రైట్" అంటే ముసిముసిగా నవ్వడం. పాత రోజులు గుర్తొచ్చి ముచ్చటపడుతున్నాడనుకుంది. సర్వీసులో ఎన్నడూ లేనంత గట్టిగా, సంబరంగా అరిచింది. కూతురికి ఫోను చేసి, "మీ నాన్నకు ముసలితనంలో సరసం ముదిరిందే" అని కూడా చెప్పింది.

అది ముచ్చట కాదు. అతనికి ఎడమ లేదు. కుడీ లేదు.

నిలదీద్దామని నోరు తెరిచింది. పదకొండేళ్ళ ఎదురుచూపు అతని మొహం నిండా తుంపరై కారుతోంది. నోరు మూసుకుంది. మబ్బు మళ్ళీ కమ్ముకొస్తోంది. హరివిల్లు ఎంతసేపుంటుందో తెలియదు. తగువుకు బోలెడు టైముంది.

రెండు చేతులతో అతని మొహం పట్టుకుంది. అతను బిత్తరపోయాడు. "ఏమిటే, నలుగురూ..."

"మాట్లాడకండి. నేను చెప్పినప్పుడు చూడండి. ఇదుగో, ఇది మొదటి స్టాపు." అతని మొహాన్ని నెమ్మదిగా ఎడమకు తిప్పి, నీటి మీద హరివిల్లు మొదలయ్యే చోట ఆపింది. "ఏం కనిపిస్తోంది?"

దాచడానికి ఇంక చోటు లేదని అతనికీ తెలిసిపోయింది. "ఎరుపు" అన్నాడు. "దాని పక్కన పసుపు. అరచెయ్యంత."

"చాలు. పైకి పోదాం. రైట్ రైట్." గడ్డం కింద వేళ్ళు పెట్టి కొంచెం ఎత్తింది. "ఇక్కడ వంపు తిరుగుతోంది. కొండ మీద చెట్ల ముందు నుంచి పోతోంది. కనిపించిందా?"

"కనిపించింది."

"ఇది నడిమి స్టాపు. ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు. పోదాం." ఇంకొంచెం, ఇంకొంచెం. "ఇప్పుడు దిగుతోంది. రాళ్ళ మధ్యకి వచ్చేసింది. అదిగో, నీళ్ళలో కలిసింది. ఇదే ఆఖరి స్టాపు."

అతను అక్కడే చూస్తూ చాలాసేపు ఉన్నాడు. పడవామె ఇంజను తగ్గించి, ఇంకో రెండు నిమిషాలు పడవను అక్కడే నిలబెట్టింది. "ముక్కలు ముక్కలుగా చూసినా మొత్తం చూసినట్టే ఉందే" అన్నాడు డ్రైవరు. అప్పుడు మబ్బు మూసుకుంది.

తాబేలులోకి వచ్చి తలుపు వేసుకున్నాక ఆమె తువ్వాలు తీసి అతని తల తుడిచింది. కొంచెం గట్టిగానే తుడిచింది.

"ఎన్నాళ్ళైంది డ్రైవరుగారూ?"

'ఏమండీ' పోయి 'డ్రైవరుగారూ' వచ్చిందంటే ఆ ఇంట్లో పిడుగు పడబోతుందని లెక్క. అతను మంచం అంచున కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు.

"రెండేళ్ళు. నీటికాసులట. కంటినరం ఎండిపోతోందని డాక్టరు చెప్పాడు. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుందే, పక్కలే..."

"పక్కలే! పక్కల్లో ఏముంటాయండీ? మనుషులుంటారు. సైకిళ్ళుంటాయి. బంతి కోసం పరిగెత్తే పసివాళ్ళుంటారు. ఆ మైలురాయి చోట ఒక పిల్ల నిలబడి ఉంటే?"

అతను తల దించుకున్నాడు.

"నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నాటకమాడతారా? ఎడమ ఎలా ఉంది, కుడి ఎలా ఉంది అని! నేనేమో వెర్రిదాన్లా రైట్ రైట్ అని అరుస్తూ కూర్చున్నాను. ఒకసారి నీళ్ళసీసా కిందపడితే వంగాను. ఆ క్షణంలో ఈ బండికి కళ్ళే లేవన్నమాట!"

"నువ్వు వంగితే నేను బ్రేకు మీద కాలు పెట్టేవాణ్ణే. నువ్వు చూడలేదు."

"చూడాల్సింది నేనేనని నాకు చెప్పారా?"

"చెప్తే ఈ బండి అమ్మేస్తారు. మన చిన్నమ్మాయి ఇప్పటికే ఈ డబ్బా ఎవరికైనా ఇచ్చెయ్యమంటోంది. ఈ ఒక్క ప్రయాణం అయిపోతే నేనే చెప్దామనుకున్నా. నీకు జలపాతం చూపిస్తానన్నా కదా. నాకు చూపు ఉండగా నువ్వు చూస్తుంటే చూద్దామని..." అని ఆగిపోయాడు. "ఎదురుగా ఉన్నది ఇంకా కనిపిస్తుంది. పడవలో నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడాల్సింది. తెలివితక్కువగా నీళ్ళ వైపు కూర్చున్నా."

కండక్టరమ్మ కోపం పాలపొంగులా దిగిపోయింది. దిగిపోయినా చెయ్యి చాపింది. "తాళం."

అతను జేబులోంచి తాళం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. వేళ్ళు మాత్రం వెంటనే వదల్లేదు.

"సాయంత్రం బస్సుకి దిగిపోదాం" అంది. "తాబేలు సంగతి కాపలాదారుకి చెబుదాం. రేపు ఎవరినైనా పంపించి..."

"రాత్రికి ఒక్క బండీ ఉండకూడదన్నాడుగా."

అతను లేచి, గుడ్డ తీసుకుని, స్టీరింగు తుడవడం మొదలుపెట్టాడు. ఇంట్లోంచి అత్తారింటికి పంపే పిల్ల మొహం తుడిచినట్టు తుడుస్తున్నాడు. కండక్టరమ్మ చూడలేకపోయింది.

"నువ్వు నడుపు" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"నేనా? నాకేం వచ్చు?"

"లైసెన్సు ఉందిగా."

"మీరు తిండి తిననివ్వకుండా పోరితే తీసుకున్నాను. టెస్టు రోజు తప్ప మళ్ళీ..." అని చటుక్కున ఆగింది. లైసెన్సు తీసుకుని రెండేళ్ళు. డాక్టరు చెప్పి రెండేళ్ళు. ఇద్దరిలో ఒకరికి జ్వరమొస్తే పనికొస్తుందని కదూ అప్పుడు అన్నాడు!

"అయినా కొండదారిలో నా వల్ల కాదండీ. నేను పుట్టాక పెద్ద బండి ముట్టుకోలేదు."

డ్రైవరు మెల్లగా తిరిగాడు. మొహంలో వెలుగు కనిపించింది. పడవలో జోకు వేసినప్పటి వెలుగు.

"డిపోలో, బస్సులు కడిగే షెడ్డు గోడ గుర్తుందా?"

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. డ్యూటీ మారే వేళ, ఎవరూ లేరు కదా అని కండక్టరమ్మ అతని బస్సు ఎక్కి స్టార్ట్ చేసింది. సరదా. రోజూ వెనక నుంచి రైట్ చెప్పే మనిషికి ఒకసారి ముందు కూర్చోవాలన్న సరదా. బస్సు ఉలిక్కిపడి ఎదురుగా ఉన్న గోడను కొట్టింది. ఆమె దిగి పారిపోయింది. హ్యాండ్ బ్రేకు వెయ్యడం మరిచాడని డ్రైవరును పదిహేను రోజులు డ్యూటీలోంచి తప్పించారు. తనే మరిచి ఉంటాడని అతను నమ్మాడనుకుంది. కండక్టరు స్టీరింగు ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది. ఒడిలో చంటిపిల్ల. అప్పుడు నోరు విప్పలేదు. తర్వాత విప్పే రోజు రాలేదు.

"హ్యాండ్ బ్రేకు మీరే..."

"వేశానో లేదో నాకు తెలీదటే?" పకపకా నవ్వాడు. "వెళ్ళి చూస్తే డ్రైవరు సీటు నాలుగు వేళ్ళు ముందుకు జరిగి ఉంది. ఆ డిపోలో అంత పొట్టి కాళ్ళు ఇంకెవరికి ఉన్నాయే? అధికారి వచ్చేలోపు సీటు వెనక్కి తోసేశా."

ఆమె కండక్టరు సీట్లో కూలబడింది. "ఇరవై రెండేళ్ళు! ఒక్క మాటైనా అన్లేదు."

"అంటే నువ్వు మళ్ళీ స్టీరింగు ముట్టుకోవు. ఎలాగూ లైసెన్సు టెస్టు దాకా ముట్టుకోలేదు, అది వేరే సంగతి. ఆ రోజు నువ్వు బస్సు తీసింది సరిగ్గానే తీశావే. గోడే తప్పుగా కట్టారు."

ఆమె ఏడుస్తూ నవ్వింది. లేచి వెళ్ళి డ్రైవరు సీటు కింద మీట పట్టుకుని ముందుకు లాగింది. సరిగ్గా నాలుగు వేళ్ళు. కూర్చుంది. అతను పక్కకు వచ్చి చెయ్యి చాపాడు.

"మళ్ళీ ఏమిటి?"

"తాళం నీకిచ్చా. మరి నా సామాను?"

మెడలోంచి విజిల్ తీసి అతని మెడలో వేసింది. అతను కండక్టరు సీట్లో సర్దుకుని కూర్చుని, కొత్త బట్టలు వేసుకున్న పెళ్ళికొడుకులా కాలరు సవరించుకున్నాడు. "నాకు పక్కలు కనిపించవు గాని చెవులు బాగానే పనిచేస్తాయి. టైరు తారు మీద ఒకలా, అంచు కంకర మీద ఒకలా పలుకుతుంది. కంకర పలికిందా, ఊదేస్తా. ఆగాలి మరి."

"మీరు మాత్రం ఆ సీటు దిగడానికి వీల్లేదు."

రెండు విజిళ్ళు వినిపించాయి. తాబేలు కదిలింది.

మొదటి మలుపు బెదురుతూ, రెండోది ఊపిరి బిగబట్టి, మూడోది "శభాష్" అనిపించుకుంటూ దాటింది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయలో నది. జలపాతం హోరు ఇంకా వెంటే వస్తోంది. నాలుగో మలుపులో రోడ్డు సన్నబడింది. అక్కడ, ఎదురుగా, సాయంత్రం బస్సు. వాళ్ళ పాత సర్వీసే. నిండా కొండ మీది ఊళ్ళకు తిరిగిపోయే జనం. రెండు బళ్ళూ ముక్కూ ముక్కూ రాసుకునేంత దగ్గరగా ఆగాయి.

బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. అతనిది తప్పు కాదు. కొండ మీద ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. ఆ నియమం తెలియని మనిషి తాబేలులో ఎవరూ లేరు.

"వెనక్కి తియ్యాలే" అన్నాడు డ్రైవరు శాంతంగా. "మూడో మలుపు దగ్గర వెడల్పు ఉంది. యాభై గజాలు. అద్దం చూస్తూ నిదానంగా రా."

కండక్టరమ్మ రివర్సు గేరు వేసింది. చేతులు చెమట పట్టి స్టీరింగు జారుతోంది. అద్దం మీద తుంపర. తాబేలు ఒక అడుగు వెనక్కి పోయింది. ఇంకో అడుగు. అంతలో బండి వెనక ఒంటి మీద అరచేతి చప్పుడు మొదలైంది. దబదబా, దబదబా. రావచ్చు, రావచ్చు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆ చప్పుడు వింటే ఆమెకు ధైర్యం వచ్చింది. పది గజాలు, ఇంకో పది గజాలు సాఫీగా తీసింది.

చప్పుడు ఆగిపోయింది.

గట్టిగా పడాల్సిన ఒక్క దెబ్బ పడలేదు. విజిల్ లేదు. ఆమె బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగింది. రివర్సులో తీసేటప్పుడు కండక్టరు సీట్లో కూర్చోకూడదు. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చి ఆమె తల తిప్పింది. పక్కన సీటు ఖాళీగా ఉంది. తలుపు తెరిచి ఉంది.

"ఏమండీ!"

నది హోరు తప్ప జవాబు లేదు.

(తరువాయి వచ్చే భాగంలో)

బడిబామ్మ
అరవై తొమ్మిదేళ్ళు
ఇప్పుడు పెద్దమ్మాయి ఇంట్లో, రైలుపట్టాల వైపు గదిలో ఉంటున్నాను.